దేవర దాకనే చదివిన

దీపావళి ఎల్లిన వారానికి, తెల్లారకముందే రామన్నపేటల బస్సెక్కిన. పోయేది కురుమూర్తి జాతరకు, పాలమూరు అవతలికి. నా వయసోళ్లు ఒంటిగ పోయే దూరం కాదు. అయినా నాకు తోడెవరొస్తరు?

ఎందుకు బయలెల్లిన్నో ముందే చెప్త. నా మొగడు పోయినంక పొలం గట్టు కాడ పంచాయితి అయ్యి, మా మరిది ఊరంత చూస్తుండంగ నన్ను చెప్పుతోని కొట్టిండు. నా చేతిల పార ఉండె. వాడు బతకలే. నాకు యావజ్జీవం పడ్డది. జైల్ల బాలమ్మని పాలమూరు దిక్కు మనిషి నాకు అక్షరాలు నేర్పింది. అప్పటికే నా తల నెరిసింది. ఆమెనే చెప్పింది: "మా కురుమూర్తి సామికి చెప్పులే మొక్కు చెన్నమ్మా. మాదిగలు ఉపాసముండి కుడతరు, ఉద్దాలంటరు వాటిని. నెత్తికి తాకిచ్చుకుంటె పాపం పోతదంటరు. బయటికి పోయినంక పోయి రా. నా పేర్న గూడ ఒకసారి వంగు."

నేను బయటపడ్డ. ఆమె ఇంక లోపల్నే ఉన్నది.

చెప్పుదెబ్బ తిన్న నాటి నుంచి నేను కాళ్లకు చెప్పులు తొడగలే. ఎవరి ముంగట తల వంచలే, జడ్జి ముంగట గూడ. గా చెప్పు కిందికి గీ తల పోతదా పోదా, అదే తేల్చుకోవాలె.

నల్లగొండల దిగేసరికి ఎండ ఎక్కింది. బస్టాండుల ఇడ్లీ తిన్న, చట్నీ అంత నీళ్లే. దేవరకొండ బోర్డు అక్షరమక్షరం కూడుకొని చదివి ఎక్కిన. ఆడోళ్లకు టికెటు ఉత్తదే గని ఆధార్ కార్డు చూపియ్యాలె, పోయేటోళ్లు మర్చిపోకుండ్రి. సీటు మాత్రం ఉత్తగ దొరకదు. కడ్డీ పట్టుకొని నిలబడ్డ. కిటికి పక్కన కూసున్న ఒకాయన గులుగుతనే ఉన్నడు.

"ఉత్త టికెటు పెట్టినంక ఊర్లె ఒక్క ఆడిది ఇంట్ల ఉంటలేదు."

"నువ్వు పైసలిచ్చి కూసున్నవ్, నేను ఉత్తగ నిలబడ్డ. ఇంకేం బాధ బిడ్డా నీకు?" అన్న.

బస్సంత నవ్వింది. ఆయన జర జరిగి, బెత్తెడు జాగా ఇచ్చిండు. దాంట్లనే ఒదిగిన.

దేవరకొండల బస్సు మారిన. కల్వకుర్తి తొవ్వంత రాళ్లగుట్టలు, పత్తి చేన్లు. పత్తి ఏరేటోళ్ల నడుములు చూస్తె నా నడుం గుంజింది. కల్వకుర్తిల ఒకామె నా పక్కన కూసున్నది. ఆ ఊర్లె బిల్డింగు పనికి పోయి, జాతరని ఇంటికి పోతుందట.

"ఒక్కదానివే వచ్చినవా అవ్వా? మొక్కేంది?"

"ఉద్దాలు."

"అయ్యో, గీ వయసుల నువ్వేం పాపం చేసినవే!" అని నవ్వింది.

నేను కిటికి దిక్కు తిరిగిన. ఆమె జడ్చర్లల దిగింది.

పాలమూరు, అదే మహబూబ్‌నగర్, చేరేసరికి పొద్దు వాలింది. మోకాళ్లు పట్టేసినయ్. ఇక్కడనే నా సదువు నన్ను ముంచింది. నేను పోవాల్సింది దేవరకద్ర, కురుమూర్తికి తొవ్వ అదే. బోర్డు మీద 'దేవర' అని చదివిన, సీటు ఖాళీగ కనబడ్డది, ఎక్కి కూసున్న. కండ్లు మూతపడ్డయ్. కండక్టరు పిల్ల భుజం తట్టింది.

"యాడికవ్వా?"

"దేవరకద్ర."

"ఇది దేవరకొండ బస్సవ్వా! బోర్డు చదవలేదా?"

"దేవర దాకనే చదివిన."

ముంగట సీటాయన పకపక నవ్విండు. "దేవర దాక పోయినవంటె ఇంక పోయేదేమున్నది అవ్వా!"

"జడ్చర్ల వస్తాంది, దిగుతవా, ఉంటవా?" అన్నది కండక్టరు.

సీటు దొరికింది. కాళ్లు సాపుకున్న. ఉంటే ఇంటి దిక్కే పోత. దేవుడే ఎన్కకు తోలిండంటె ఎవరన్న కాదంటరా? జైలుకు ములాఖత్ పోయినప్పుడు బాలమ్మ ఒక్కతె అడుగుతది, వంగినవా అని. దిగిన.

మల్ల మహబూబ్‌నగర్ల బస్సు మారి, చీకటి పడ్డంక కురుమూర్తి చేరిన. రూముల కోసం తిరగకుండ్రి, జాతర్ల దొరకయ్. రేకుల షెడ్డు కింద ఆడోళ్ల పక్కన నడుం వాల్చిన.

మర్నాడు డప్పులతోని ఉద్దాలొచ్చినయ్. పసుపు, కుంకుమ, కొత్త తోలు వాసన. జనం తోసుకుంట తోసుకుంట నన్ను ముంగటికి తెచ్చిండ్రు. ఉద్దాలు పట్టుకున్న పెద్దమనిషి చెయ్యి లేపిండు. నాకు తెల్వకనే నా రెండు చేతులు మొకానికి అడ్డం పోయినయ్.

"ఏందవ్వా, కొడ్తననుకున్నవా?"

"ఔ. గట్లనే అనుకున్న."

ఎనక నుంచి అరిచిండ్రు, "జల్ది కానీ ముసలామె!" ఆయన వాళ్లను కసిరి, చెయ్యి దించి నిలబడ్డడు. "నువ్వు వంగినప్పుడే పెడ్త. నాకేం తొందర లేదు."

ముందు బాలమ్మ పేరు తల్చుకొని వంగిన. రెండోసారి నా పేర్న వంగిన. రెండుసార్లు తాకిచ్చిండు. దెబ్బ కాదది. బర్రె దూడ మూతి ఆనిచ్చినట్టున్నది.

పాపం పోయిందా అంటే నాకు తెల్వదు. సచ్చినోడు లేచి రాడు. వాని పేరు గూడ నోటికొచ్చింది గని, వాని పేర్న వంగనీకి మూడోసారి తిరిగి పోలే. జనం తోసేసిండ్రు.

కింద మెట్ల కాడ చెప్పులు గుట్టలుగ పడున్నయ్. ఒక ఆడమనిషి తన జోడు దొరకక ఏడుస్తాంది. ఎతికి ఇచ్చిన. ఇంకొకామె అడిగింది. కాపలా ముసలాయన, "జర చూడక్కా, చాయ్ తాగొస్త" అని పోయి మల్ల రాలే. పొద్దుగూకే దాక ఊరోళ్ల చెప్పులన్ని చేత్తోని ముట్టి, జోడుకు జోడు కలిపి పెట్టిన. నన్ను ఎవ్వరూ నీదేవూరని అడగలే, నీదేం కేసని అడగలే. వచ్చే ఏడు గూడ నా జాగా అదే. ఒంట్ల సత్తువున్నన్నాళ్లు అంతే.

తెల్లారి మహబూబ్‌నగర్ల బోర్డు ఆఖరక్షరం దాక చదివి దేవరకొండ బస్సెక్కిన. పక్కనామె చెప్పులు ఇడిచి, కాళ్లు సీటు మీదికి ముడుచుకొని పండింది. బ్రేకు ఏసినప్పుడు ఒక చెప్పు జారి నా కాళ్ల కాడికొచ్చింది. తీసి జోడు పక్కన పెట్టిన. ఆమె కండ్లు తెరిచింది.

"అయ్యో అవ్వా! నా చెప్పు నువ్వు చేత్తోని ముడ్తవేంది? పాపం తగుల్తది నాకు."

"ఏం తగలదు. పండు బిడ్డా," అన్న.