తలుపులేసుకుని దీవికి పోయిన రోజులు

కువైట్‌లో నేను పనిచేసిన ఇల్లు ఫింటాస్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల. ఆ ఇంటావిడను పనివాళ్లందరిలాగే నేనూ మామా అనేదాన్ని, మన అమ్మగారు లాగా. ఆమెను కన్న ముసలామెను ఇంట్లో పిల్లా పెద్దా యుమ్మా అని పిలిచేవాళ్లు, అంటే అమ్మా అని. నా పని ఈ యుమ్మాను చూసుకోవడం. ఆమె పుట్టి పెరిగింది ఫైలకా దీవిలో. ఆ సంగతి రోజుకు పదిసార్లు చెప్పేది. పదోసారి విసుక్కునేదాన్ని, పదకొండోసారి తెలుగులో తిట్టేదాన్ని. ఆమె నవ్వేది.

1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి రాకముందు, ఎండలు మొదలయ్యే రోజుల్లో ఒకసారి మామా మమ్మల్ని లాంచీలో ఆ దీవికి తీసుకుపోయింది. నేను సముద్రం మీద పోవడం అదే మొదలు. కడుపులో ఉన్నదంతా లాంచీకే అప్పజెప్పి దిగాను. దీవి అంటే కొబ్బరిచెట్లు, పచ్చదనం అనుకున్నాను. చూస్తే మా రాయచోటి పక్కన బీడు భూమికి చుట్టూ నీళ్లు పోసినట్టుంది. అక్కడక్కడా ఖర్జూరపు చెట్లు, పాత మట్టి ఇళ్లు, ఒకచోట తవ్వి బయటికి తీసిన రాళ్లు. వేల ఏళ్ల కిందట పడవల మీద వచ్చినవాళ్లు కట్టుకున్న గుడి అని యుమ్మా చెప్పింది. గుడి అన్న మాట చెవిన పడగానే నేను చెప్పులు విడిచి, ఆ రాళ్ల చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి దండం పెట్టుకున్నాను. ఏ దేవుడో ఎవరికి తెలుసు. కాపలా మనిషి పడీపడీ నవ్వాడు. మామాకు సిగ్గేసింది. యుమ్మా మాత్రం నా చెప్పులు తన చేత్తో తీసి నీడలో పెట్టింది, మళ్లీ తొడుక్కునేటప్పుడు కాలుతాయని. ఆ దేశంలో అప్పటిదాకా నాకు అంత మర్యాద చేసినవాళ్లు లేరు.

తర్వాత ఆమె తన చోట్లు చూపించింది. ఒక దిబ్బ దగ్గరికి, ఆమె చిన్నతనంలో, పిల్లలు లేని ఆడవాళ్లు అన్నం, మిఠాయి పట్టుకొచ్చి మొక్కుకునేవాళ్లట. పైన ఉన్న మందిరాన్ని ఎప్పుడో తీసేశారు. "మేమూ కడప దర్గాకు పోతాం" అన్నాను వచ్చీరాని అరబ్బీలో. "అయితే నీకూ తెలుసు" అని నా చేయి పట్టుకుంది. ఆ దగ్గర్లోనే ఆమె పుట్టిల్లు. ఆ గడప మీద కూర్చుని, లాంచీ కూత వేసేదాకా లేవనంది.

ఆ ఆగస్టులో సైన్యం వచ్చింది. మామా భర్త సెలవులకని పోయి వేరే దేశంలో చిక్కుకుపోయారు. ఇంట్లో మామా, ఆమె ఇద్దరు ఆడపిల్లలు, యుమ్మా, నేను. కిటికీలకు దుప్పట్లు కట్టి, రొట్టెల కోసం తప్ప గేటు తీయకుండా బతికాం. కొన్నాళ్లకు కబురొచ్చింది, దీవిలో జనాన్నంతా ఖాళీ చేయించారని, ఇళ్లల్లో సైనికులున్నారని. మామా నన్ను వంటింట్లోకి పిలిచి, "అమ్మకు చెప్పొద్దు. వింటే బతకదు" అంది.

అప్పటికే యుమ్మాకు మతి సరిగ్గా నిలవడం లేదు. పొద్దున్నే బురఖా లాంటి నల్ల అబాయా వేసుకుని, దీవికి పోతానని గేటు వైపు నడిచేది. ఒడ్డున ఇసకలో మందుపాతరలు పెట్టారని, తుపాకులతో కాపలా ఉన్నారని అందరూ చెబుతున్నారు. ఒకరోజు ఆమె గొళ్లెం తీసేసింది కూడా. నేను పరుగెత్తి రెక్క పట్టుకుని లోపలికి లాగాను. ఆమె నొప్పికి ఏడ్చింది. నా మీద నాకే అసహ్యమేసింది.

మరునాడు నేనే ముందు లేచి, "యల్లా యుమ్మా, పద, లాంచీ వచ్చింది" అన్నాను. హాల్లో సోఫా మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చుని అటూ ఇటూ ఊగాను. వాంతి వస్తున్నట్టు నటిస్తే ఆమెకు నవ్వాగలేదు. పిల్లల గది రాళ్ల గుడి. "నీ గుడి వచ్చింది, చెప్పులు విడువు" అని గుమ్మంలోనే యుమ్మా నాకు గుర్తు చేసి, తనూ విడిచేది. మంచం చుట్టూ మూడుసార్లు తిరిగేవాళ్లం. వెనక, బియ్యం మూటలు పెట్టే చిన్నగది ఆమె పుట్టిల్లు. తిరిగొచ్చేటప్పుడు గేటు వైపు మళ్లుతుందేమోనని నా భయం. మా వైపు కాళహస్తికి పోయినవాళ్లు ఇంకెవరి గడపా తొక్కకుండా నేరుగా తమ ఇంటికే వస్తారు. ఆ పద్ధతి చెప్పి, తప్పితే దోషమని బెదిరించాను. అప్పటినుంచి నా వేలు పట్టుకుని బుద్ధిగా తన మంచం దాకా వచ్చేది. అలా రోజూ పోయొచ్చాం. మామా ఒకసారి మాతో రాబోయి, గుడి దగ్గరే ఏడ్చేసి, మళ్లీ రాలేదు.

కొన్ని వారాలకు పక్కింటి డ్రైవరు, మా రాయచోటివాడే, గోడ అవతలనుంచి పిలిచాడు.

"అక్కా, రేప్పొద్దున బస్సు పోతాది. బస్రా మీద అమ్మాన్‌కు, ఆడినుంచి విమానం. మళ్లా బస్సు ఉంటాదో లేదో."

"ముసిలామెను ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేదబ్బా?"

"నీ పిల్లోళ్లు ఆడ కాచుకోనుండారు. ముందు అది సూడు."

నా ఇద్దరు పిల్లలు ఊర్లో మా అక్క దగ్గర పెరుగుతున్నారు. ఉత్తరాలు ఆగిపోయాయి. నేను బతికున్నానో లేదో వాళ్లకు తెలియదు. నేను పోతే యుమ్మాను గేటు దాటకుండా ఆపేవాళ్లు లేరు. నేను అడగకముందే మామా నా పాస్‌పోర్టు తెచ్చి చేతిలో పెట్టింది. ఉండమని అడగలేదు. అడిగుంటే కోపం తెచ్చుకుని పోవడం నాకు సులువయ్యేది.

పొద్దున బస్సుకు ముందు యుమ్మాను దీవికి తీసుకుపోయాను. ఆవేళ సోఫా మీద ఊగలేకపోయాను. గుడి చుట్టూ తిరిగి వెనక గదికి చేరాం. ఆమె బియ్యం మూట మీద కూర్చుంది. కాసేపటికి చేయి అందించి, "ఖలాస్ యుమ్మా, లాంచీ పోతుంది, ఇంటికి పోదాం" అన్నాను. ఆమె చేయి ఇవ్వలేదు.

"ఇది మా ఇల్లే కదా. నేను వచ్చేశాను" అంది. "ఇంక ఎక్కడికీ పోను. గేటు దగ్గరికి కూడా పోను. నువ్వు పోయి ఎక్కు."

దీవిలో ఆ ఇంటికి గేటు లేదు. నా నాటకం ఆమెకు ఎన్నాళ్లనుంచి తెలుసో నాకు తెలియదు. వాళ్లలో మనిషి కాళ్లకు దండం పెట్టకూడదని తెలిసీ పెట్టాను. ఆమె తల తిప్పుకుని, బియ్యం మూట ముడిని విప్పి మళ్లీ కడుతూ కూర్చుంది. ఒక్కసారి నా వైపు చూసుంటే నేను పోయేదాన్ని కాదు. నేను గడప దాటేదాకా ఆమె చూడలేదు.