ముగ్గురి పేర్లతో చేసిన ప్రార్థన

పక్షపాతం ఎరుగని పరలోకపు తండ్రికి స్తోత్రం. ఇంతవరకు నన్ను విడిచిపెట్టని ఆయన నామానికే మహిమ.

రాజోలు దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో నేను సోషల్ మాస్టారిని. సర్పంచ్ ఎన్నికలు వచ్చినప్పుడు ఎనిమిదో తరగతికి ఎన్నికల పాఠం మా ఊరి అభ్యర్థులతోనే చెప్పాను. బోర్డు మీద మూడు గడులు గీసి ముగ్గురికీ ఒకే ప్రశ్నలు రాశాను. చదువు, పని, ఆస్తి, కేసులు, ఊరికి ఏం చేస్తామంటున్నారు. జవాబులు వాళ్ళు నామినేషన్‌తో ఇచ్చిన కాగితాల్లోవే. ముగ్గురిలో ఒకాయన మా చర్చి సంఘస్థుడు. ఆయన మీద ఒక కొట్లాట కేసు ఉంది. అది రాసి, పక్కనే ‘ఇంకా రుజువు కాలేదు’ అని కూడా రాశాను.

మా సంఘ పెద్దగారి మనవరాలు ఆ తరగతిలోనే చదువుతోంది. ఆ అమ్మాయి నోట్సు చూసి శనివారం సాయంత్రం పెద్దాయన మా ఇంటికి వచ్చారు. చిన్నప్పుడు సండే స్కూల్లో నా వేలు పట్టుకుని ఒక్కో మాట చదివించిన మనిషి ఆయన. కాఫీ తాగలేదు.

“కేసు సంగతి కూడా రాసేవంట కదయ్యా?”

“ఆయ్, ముగ్గురివీ రాశానండి.”

“ముగ్గురూ మనోళ్ళేనా మరి?”

పెద్దాయన రేపు ఆరాధనలో మనవాడి పేరు పెట్టి ప్రార్థన చెయ్యమని చెప్పి వెళ్ళిపోయారు. సంఘం తరఫున ప్రార్థన చేసేది ఏళ్ళ తరబడి నేనే.

ఆదివారం మోకరించి కళ్ళు మూసుకున్నాను. మా వాడి పేరు పలికాను. అక్కడ ఆగలేకపోయాను. నా తరగతి పిల్లలు నలుగురైదుగురు చాపల మీద కూర్చుని వింటున్నారు. మిగతా ఇద్దరి పేర్లూ పలికి, ఎవరు గెలిచినా ఊరిని న్యాయంగా నడిపించే మనసు ఇమ్మని వేడుకున్నాను. ఆమేన్ అన్నది నేనొక్కడినే. చాలాసేపు కళ్ళు తెరవాలనిపించలేదు.

ఆరాధన ముగిశాక వందనాలు చెప్పడానికి నా దగ్గరికి ఎవరూ రాలేదు. తర్వాతి ఆదివారం నుంచి ప్రార్థనకు వేరే ఆయన్ని పిలుస్తున్నారు. స్టాఫ్ రూములో చెప్పుకుందామంటే, మీ సంఘం ఓట్లన్నీ ఒకరికేగా మాస్టారూ అని అక్కడ నవ్వుతారు. వాళ్ళ లెక్కలో నేను ఆ సంఘంలోని వాణ్ణే. సంఘం లెక్కలో కాదు.

ఎన్నికలై ఇన్నాళ్ళయింది. మా వాడు ఓడిపోయాడు. పెద్దాయన ఇప్పటికీ నా వైపు చూడరు. ఆ పాఠం మళ్ళీ చెప్పాల్సి వస్తే అలాగే చెబుతాను, అందులో నాకు సందేహం లేదు. కానీ చదవడం నేర్పిన మనిషి ముఖం తిప్పుకుంటే, మందిరం నిండా పాటలు పాడే మనుషులున్నా ఖాళీగానే అనిపిస్తుంది.

ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. తండ్రీ, వచ్చే ఆదివారం ఆయన దగ్గరికి నేనే వెళ్ళి వందనాలు చెప్పే ధైర్యం ఇవ్వు. ఆయన బదులు పలకకపోయినా నా మనసు చేదెక్కకుండా కాపాడు. ఆమేన్.