ఉత్తర దిక్కు పాఠం

మొన్న ఆదివారం నంద్యాలలో మా చెల్లెలి ఇంటికి వెళ్తే, ఈమధ్యే టీచరుగా చేరిన ఆమె కోడలు మరునాటి పాఠానికి లక్ష్యాలు రాసుకుంటూ కనిపించింది. రాయడమంటే ఫోనులో దొరికినవి దించుకోవడమే. ‘విద్యార్థులు అవగాహన చేసుకుంటారు’ అన్న మాట కంటపడగానే నేను కుర్చీలో కూర్చోలేక లేచి వరండాలో పచార్లు మొదలుపెట్టాను. కాఫీ చల్లారిపోతోందని చెల్లెలు పిలుస్తున్నా నడుస్తూనే ఉన్నాను.

ఒకప్పుడూ ఆ మాట నన్ను ఇలాగే నిలవనిచ్చేది కాదు. బి.ఇడి. చదివే రోజుల్లో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వెళ్లి, అక్కడి బడిలో పాఠాలు చెప్పి చూపించాలి. చర్చి బడిలో పంతులుగా చేసిన నాయన పక్షవాతంతో మంచాన పడ్డాక ఇంటిల్లిపాదీ నా ఉద్యోగం కోసమే ఎదురుచూస్తుండేవారు. మా పాఠాలు పరిశీలించే సారు మితభాషి, వెనక బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చునేవారు. నేను ‘అవగాహన’ అని రాసిన చోటల్లా ఎర్ర సిరాతో కొట్టేసేవారు. అందరూ అలాగే రాస్తుంటే నన్నే ఎందుకు పట్టుకున్నారని లోలోపల ఉడికిపోయేదాన్ని.

ఒకరోజు ఆరో తరగతికి దిక్కుల పాఠం చెప్పాను. గోడకు పటం తగిలించి, పైన ఉత్తరం, కింద దక్షిణం అంటే పిల్లలు గొంతెత్తి అప్పజెప్పారు. నేను సంబరపడుతుండగా సారు లేచి ముందు బెంచీ అమ్మాయిని అడిగారు.

“ఉత్తరం యాడుందో చూపిచ్చు, పాపా.”

ఆ పిల్ల తడుముకోకుండా పైకప్పు వైపు వేలెత్తింది. “ఆడ, పైన సార్.”

తరగతిలోని వేళ్లన్నీ పైకే లేచాయి. సారు నవ్వలేదు. నా దగ్గరికొచ్చి మెల్లగా, “వాళ్లకు అర్థమైందని నీకెట్ల తెలుస్తాదమ్మా? పిల్లోళ్లు ఏం చేసి చూపిస్తారో అది రాయి. రేపు ఇదే పాఠం మళ్లీ చెప్పు, నేనొస్తా” అన్నారు.

ఆ సాయంత్రం బస్టాండులో ఒకచోట నిలబడలేకపోయాను. కోపం, సిగ్గు, నాయనకు ఏం చెప్పాలన్న దిగులు. బస్సులో రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి ఒక్క వాక్యం మిగుల్చుకున్నాను: ‘పిల్లలు ఎక్కడ నిలబడినా ఉత్తరం ఎటువైపో చేత్తో చూపిస్తారు.’ రాశాక భయం మరింత ఎక్కువైంది. అవగాహన కాలేదని ఎవరూ రుజువు చేయలేరు. ఇది తప్పితే అందరి ముందూ తప్పుతుంది.

మరునాడు పటం ముట్టుకోకుండా పిల్లలను బయటికి తీసుకుపోయాను. పొద్దు పొడిచే నల్లమల కొండల వైపు, అంటే అహోబిలం వైపు కుడిచెయ్యి చాపించాను. అప్పుడు వాళ్లకు ఎదురుగా ఉన్నది నంద్యాల దిక్కు. ఒక్కొక్కరినీ అటూ ఇటూ తిప్పి అడిగితే కొందరు తడబడి, కొండ చూసుకుని సరిదిద్దుకున్నారు. తిరిగి లోపలికొచ్చాక, కొండ కనపడని ఆ నాలుగు గోడల మధ్య, నిన్నటి అమ్మాయినే లేపాను. ఆమె కుడిచెయ్యి చాపి, నిలబడ్డచోటే కాస్త తిరిగి, తలుపు వైపు చూపించింది.

“నంద్యాల పక్క, టీచర్.”

సారు మెచ్చుకోలేదు. సంతకం పెట్టి, రేపటి పాఠం ఏందని అడిగి వెళ్లిపోయారు.

నాకు ఉద్యోగం వచ్చింది, నాయన కళ్లారా చూశారు. తర్వాత ఎన్ని బళ్లు మారినా, పాఠం మొదలుపెట్టే ముందు రాసిన మాట నిలబడుతుందా అన్న అలజడి నన్ను వదల్లేదు. ఇప్పుడు లక్ష్యాలు పొందికగా, తప్పుల్లేకుండా తయారై వస్తున్నాయి, పైవాళ్లు ఫోనుకు పంపిన ఫోటోలో చూసి సరేనంటున్నారు. ఈ కొత్త టీచర్లు మాకంటే తక్కువ కష్టపడుతున్నారని అనను. కానీ రాసింది నిజమైందో లేదో చూడటానికి పిల్లల మధ్య పీరియడంతా కూర్చునే మనిషి వాళ్లకు లేడు. అలాంటి మనిషికి భయపడే అదృష్టం కూడా లేకుండా, పాపం, ఒంటరిగా పాఠాలు చెబుతున్నారు.