గడుల్లో పోయిన బాపు ముఖం

తొంభైల చివర్లో మాట. మేం బాపు అని పిలిచే మా నాన్నది మిగిలింది ఒక్కటే ఫోటో. సంవత్సరీకానికి పేపర్లో శ్రద్ధాంజలి వేయించాలి, అవ్వ కోసం, అంటే మా అమ్మ కోసం, పెద్దగా ఫ్రేము కట్టించాలి. ఈ రెండు పనులూ చెప్పి మరీ పెద్దపల్లిలోని ఒక డీటీపీ సెంటర్‌లో ఆ ఫోటో స్కానింగుకు ఇచ్చాను.

వారానికి వెళ్తే, వాళ్ల కప్పు కురిసి ఫోటో తడిసి ముద్దయి ఉంది. నేను లబోదిబోమంటుంటే ఆపరేటర్ ఫ్లాపీ చేతిలో పెట్టి, "ఫికర్ జెయ్యకన్నా, మీ బాపు గిండ్ల పదిలంగున్నడు" అన్నాడు.

కరీంనగర్ స్టూడియోలో దాన్ని పెద్దది చేయగానే ముఖమంతా గడులు గడులైపోయింది. "ఇది పేపరుకని చిన్నగ చేసిన జేపీజీ. ఫ్రేముకు పనికిరాదు. స్కాన్ చేసినప్పటి పెద్ద బిట్‌మ్యాప్ ఫైల్ తీస్కరా" అన్నాడు స్టూడియో ఆయన.

వెంటనే పెద్దపల్లి బస్సెక్కి వచ్చి అడిగాను.

"గా పెద్ద ఫైలా? కంప్యూటర్ల జాగ సాల్తలేదని తీసేసిన. రెండూ ఒక్కటే ఫోటో గదన్నా!" అన్నాడు ఆపరేటర్, పాన్ నములుతూ.

కాలర్ పట్టుకున్నాను. "జాగ లేకుంటే నీ గేములు తీసెయ్యాలె. మా బాపే దొరికిండారా నీకు?" అని అరిచాను. పక్క షాపులవాళ్లు వచ్చి విడదీశారు.

మర్నాడే సంవత్సరీకం. వేరే దారిలేక ఆ గడుల బొమ్మకే ఫ్రేము కట్టించాను. బొట్టు పెట్టబోయిన అవ్వ వేలు గాలిలోనే ఆగింది.

"నొసలు ఏడున్నదిరా?" అని అడిగింది.

ఇన్నేళ్లయినా ఆ వేలు గుర్తొస్తే, మళ్లీ పోయి వాడి కాలర్ పట్టుకోవాలనిపిస్తుంది.