గిటారు అక్కకు కొన్న మైకు

నాకు ఓపిక లేదు. దాచిపెట్టడానికేమీ లేదు, మా ఆవిడ ఎప్పుడో ఊరంతా చెప్పేసింది. విడవలూరు అవతల, సముద్రం గాలి తగిలే మా ఊరి చర్చిలో పదకొండేళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్నాను. ఈ ఏడాది మైకులు కొనే పని కూడా నేనే మీద వేసుకున్నాను.

దానికి కారణం మా గిటారు అక్క. బట్టలు కుడుతుంది, యాభై దాటాయి. వేళ్ల కొనలతో మెత్తగా మీటుతుంది. వెనక కూర్చున్నవాళ్లకు వినపడటం లేదని సంఘ పెద్దలు ఒక మాట అనేశారు. ఈస్టర్ నుంచి గిటారు శబ్దం కీబోర్డులోనే పెట్టుకుందాం, అక్క పాడితే చాలు అని. ఆమె బయట చెప్పులు వేసుకుంటూ నాతో మాత్రం అంది:

"గిటారు లేకుంటే నేను పాడను అబ్బయా. చేతులు యాడ పెట్టుకోవాలో తెలవదు నాకు."

"నువ్వుండక్కా, మంచి మైకు తెస్తా. వాళ్లే నోరెళ్లబెట్టి వింటారు," అన్నాను.

ఈస్టర్‌కి మూడు వారాలుంది. నాకు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. పాడేవాళ్ల మైకు నోటికి ఆనిస్తే గాని వినదు, కండెన్సర్ మైకైతే జానెడు దూరం నుంచే తీగ మీద వేలి రాపిడి కూడా పట్టేస్తుంది. మా స్తోమతకు పెన్నులా సన్నగా ఉండే రకం చాలు. కానీ ఏది? ఫోనులో ఒకడు ఇదే బంగారం అంటాడు, ఇంకొకడు అదే మైకును రేకు డబ్బా అంటాడు. అన్నం తింటూ కూడా అవే వీడియోలు. "ముందు ఆ చెవుల్లోవి తీసి చారు పోసుకో," అని మా ఆవిడ కసిరింది.

చివరికి నెల్లూరు వెళ్లాను. చవకలో ఉన్నవి నాలుగు విని ఒకటి తేల్చుకున్నాను. కొట్టాయన, "జత తీసుకోన్నా, ఒకటి గిటారుకు, ఒకటి నీ సింబల్స్ పైన," అన్నాడు. సింబల్స్ అంటే డ్రమ్స్ పక్కన స్టాండ్లకు బిగించే ఇత్తడి పళ్లేలు. నా పళ్లేలకు మైకా! అక్క కోసం వెళ్లిన మనిషిని, ఆ మాటకు ఉబ్బిపోయి జత కొనేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఈస్టర్ ముందురోజు, శనివారం రిహార్సల్. ఒక మైకు అక్క గిటారుకు జానెడు దూరంలో, రెండోది నా సింబల్స్ పైన పెట్టాను. ఆమె ఒక్కతే వాయించినప్పుడు, బయట వల బాగుచేసుకుంటున్నాయన కూడా తలెత్తి చూశాడు. అబ్బ, ఎంత సంతోషపడ్డానో! తర్వాత అందరం కలిసి మొదలుపెట్టాం. గిటారు మాయం. దాన్ని పెంచితే నా పళ్లేల మోత పెరిగింది, ఇంకా పెంచితే స్పీకర్లు కీచుమన్నాయి. నా సింబల్స్ మైకు పీకేశాను. అయినా అదే మోత. మైకును తిట్టాను, కొట్టాయనను తిట్టాను.

"ఇంక చాల్లే, కీబోర్డుతోనే కానిద్దాం," అన్నాడు సంఘ పెద్ద. అక్క గిటారును సంచిలో పెట్టేసింది.

గిటారు మైకు ఒక్కదాన్నే ఫోనులోకి రికార్డు చేసి ఉంచాను. మెట్ల మీద కూర్చుని విన్నాను. అందులో ఉన్నది నేను. ఈ చివర నుంచి ఆ చివర దాకా నేనే. మా చర్చిలో మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద కూర్చుంటారు. వాయిద్యాలన్నీ మగవాళ్ల వైపే. అందుకని ఆడమనిషైనా అక్క కుర్చీ సరిగ్గా నా పళ్లేల ముందు. మైకు మొహం ఆమె వైపు పెడితే, ఆమె భుజం మీదుగా అది నన్నే చూస్తోంది. పదకొండేళ్లు ఆ మోతంతా వెనక నుంచి ఆమె చెవుల్లో పోశాను.

లోపలికి పరుగెత్తాను. "అక్కా, నువ్వు ఆడోళ్ల వైపు పోయి కూర్చో."

ఆమె మొహం చిన్నబోయింది. "వాయించేవోళ్లంతా ఈడుంటే నన్ను ఆడికి పొమ్మంటావా? నువ్వు కూడానా అబ్బయా?"

నోటితో చెప్పే ఓపిక నాకెక్కడిది? కుర్చీ, వైరు నేనే మోసుకెళ్లి, మైకు మొహం ఆమెకు, వీపు నాకు ఉండేలా నిలబెట్టాను. ఆ రకం మైకు వీపు వైపు మోతను పెద్దగా పట్టదు. "రేపొక్క పూట కూర్చో అక్కా, నీకు దణ్ణం పెడతా," అన్నాను.

ఈస్టర్ నాడు నా సింబల్స్‌కు మైకు లేదు. అంత చిన్న హాలులో వాటికి ఏనాడూ అక్కర్లేదు. సంఘ పెద్దను బతిమాలి అడుక్కున్న రెండో పాట అక్కది. నేను పుల్లలు కింద పెట్టేశాను. ఆమె మీటింది. వెనక వరసలో సంఘ పెద్ద పక్కాయనతో మాట్లాడుతున్నవాడు ఆపేశాడు. పక్క చాపల మీది ఆడవాళ్లు గొంతు తగ్గించి ఆమెతో కలిశారు. వేలు తీగ మీద జారడం కూడా వినపడింది. ఆ పాటలో ఆమె ఏం వాయిస్తుందో నేను వినడం అదే మొదటిసారి.

పాట అయ్యేదాకా నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.