కోటలో చివరి దీపం వెలిగేదాకా

మా ల్యాబ్ సార్ పోయిన సంగతి నాకు బస్సు కిటికీలోంచి తెలిసింది. శామీర్‌పేటలో బస్సు ఆగింది. ఎదురుగా ఆయన కంప్యూటర్ రిపేర్ షాపు. షట్టర్ దించి ఉంది. దాని మీద ఒక తెల్ల కాగితం: "బాపు ప్రభువునందు నిద్రించినారు. సోమవారం దాకా షాపు బంద్." అక్షరాలు గుండ్రంగా, వరుస తప్పకుండా ఉన్నాయి. ఆయన కూతురి రాత అయి ఉంటుందనుకున్నాను. నేను బస్సు దిగలేదు. దిగి ఎవరికి ఏం చెప్పాలో తెలియలేదు.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయడానికి కూర్చున్నాను. రాస్తుంటే సిగ్గే ముందుకొస్తోంది. అందుకే ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివి ఆయన ఎంత మంచివారో మీకు తెలిస్తే చాలు. నేనెలాంటివాణ్ణో కూడా ఎలాగూ తెలుస్తుంది.

తొంభైల చివర్లో కండ్లకోయ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో చదివాను. అక్కడ ఆయన కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవారు. పాఠం చెప్పే లెక్చరర్ కాదు. అయినా మేం సార్ అని మనసారా పిలిచింది ఆయన్నే. చెప్పులు బయట విడిపించి లోపలికి పంపేవారు. చేతి గడియారం తీసి మానిటర్ మీద పెట్టేవారు. మేం రాసిన ప్రోగ్రాం కంపైల్ కావడానికి, అంటే మిషన్‌కు అర్థమయ్యే రూపంలోకి మారడానికి ఎన్ని క్షణాలు పట్టిందో రికార్డులో రాయమనేవారు. ఒకసారి నేను "సుమారు నలభై" అని రాశాను. ఎర్ర పెన్నుతో "సుమారు" మీద గీత కొట్టారు.

"సుమారు అంటే ఎవరు సూసిన్రు రా?" అన్నారు. "సూసింది గీడ రాయి. అనుకున్నది వేరే కాయితం మీద రాస్కో."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట ఎంత బరువైనదో అప్పుడు తెలియలేదు.

కొన్నేళ్ళకు మేడ్చల్ రోడ్డు మీద ఒక ఇంటి పై అంతస్తులో చిన్న ఆఫీసు వెలిసింది. కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఆఫీసు. యజమాని ఇక్కడి భూముల కుటుంబం మనిషి. ప్లాట్లు అమ్మీ అమ్మీ విసుగొచ్చి ఇందులో దిగాడు. ఆటల గురించి అతనికి తెలిసిన ప్రశ్న ఒక్కటే, "ఎన్ని గంటలు పడ్తది?" నాకు అక్కడ ప్రోగ్రామర్ ఉద్యోగం దొరికింది. మిషన్లు చూసుకునే మనిషి కావాలంటే మా ల్యాబ్ సార్ పేరు చెప్పాను. ఆయన కాలేజీ వదిలి వచ్చారు. నన్ను నమ్మి వచ్చారు అనాలి.

మా ఆటలో ఒక కోట ఉండేది. ముందు పెద్ద వాకిలి, దాని మీద ఎండ. లోపల అరవై గదులు, గదికి రెండు మూడు దీపాలు. ఏ దీపం వెలుగు ఏ గోడ మీద ఎంత పడుతుందో మిషన్ ముందే లెక్కగట్టి పెట్టుకోవాలి. దాన్ని మేం లైటింగ్ బిల్డ్ అనేవాళ్ళం. కంపైల్ ఇరవై నిమిషాల్లో అయిపోయేది. లైటింగ్‌కు మాత్రం గంటలు పట్టేది. తెర మీద ఒక పట్టీ సున్నా నుంచి వందకు పాకుతూ ఉండేది, మేం దాని మొహం చూస్తూ కూర్చునేవాళ్ళం.

కొత్త మిషన్లు పది కొనాలని యజమాని నిర్ణయించాడు. అప్పుడే రెండు కోర్ల ప్రాసెసర్లు బజారులోకి వస్తున్నాయి. సార్ రెండు మిషన్లు బిగించారు. ఒకటి కొత్త రకం, పనిని రెండుగా పంచుకుని చేసేది. రెండోది పాత రకం, ఒంటరిగా చేసేదే, కానీ డబ్బా మీద వేగం అంకె చాలా పెద్దగా వేసి ఉంది. కిటికీ దగ్గర పెట్టింది కిటికీ మిషన్ అయింది, తలుపు దగ్గర పెట్టింది తలుపు మిషన్ అయింది. తలుపు దగ్గరిది పాత రకం. సార్ ఇంకా పరీక్షే మొదలుపెట్టలేదు, నేను మాత్రం ఆ పెద్ద అంకె చూసి, తలుపు మిషనే గెలుస్తుందని యజమానితో గొప్పలు పోయాను.

సార్ పరీక్ష పద్ధతి సార్‌దే. నడి ఎండాకాలం మధ్యాహ్నం, ఏసీ బంద్ చేసి, తలుపులు బార్లా తెరిచి పెట్టేవారు. "మిషన్ ఒక్క జనవరిలనే పని జెయ్యదు గద," అనేవారు. మొదటిసారి వచ్చిన సమయాన్ని లెక్కలోకి తీసుకునేవారు కాదు. "అది మేలుకునుడు" అని కొట్టేసేవారు. రిజిస్టర్‌లో రెండు గళ్ళు ఉండేవి. ఒకటి కొలిచినవారిది, ఇంకొకటి సాక్షిది. ఒకరే కొలిచి ఒకరే రాస్తే ఆయనకు అది రాసినట్టే కాదు.

కంపైల్‌లో రెండు మిషన్లూ దాదాపు సమానంగా వచ్చాయి. గురువారం కిటికీ మిషన్ మీద లైటింగ్ పెట్టి ఇద్దరం కూర్చున్నాం. నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. మర్నాడు గుడ్ ఫ్రైడే. సార్‌కు ఒక్కపొద్దు, మధ్యాహ్నమంతా చర్చిలో ఆరాధన. యజమాని మాత్రం ఆ సాయంత్రానికే లెక్క తేలాలన్నాడు.

"పన్నెండింటికి షురూ జెయ్యి," అన్నారు సార్ నాతో. "అయ్యెదాక లేవకు. నేను పొద్దుగూకెవరకు వస్త."

పన్నెండింటికి మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలకు పట్టీ పది శాతానికి చేరింది. మంచి వేగం. సరిగ్గా అప్పుడే ఇద్దరు స్నేహితులు బండి మీద కింద హారన్ కొట్టారు. శామీర్‌పేట చెరువు దగ్గర చేపలు వేయిస్తున్నారట. ఇరవైని పదితో హెచ్చవేశాను. మూడు గంటల ఇరవై నిమిషాలు. నేను చెప్పిందే నిజమైంది కదా, ఇంకా చూసేదేముంది అనుకున్నాను. రిజిస్టర్‌లో 3:20 అని రాసి సంతకం పెట్టాను. మిషన్ ఆపేసి మెట్లు దిగాను.

ఆ పది శాతం కోట వాకిలిది. అక్కడున్నది ఒక్క ఎండే. ఆ భాగం పనిని కిటికీ మిషన్ కూడా రెండుగా పంచుకోలేదు, అందుకే అక్కడ తలుపు మిషన్‌దే పైచేయి. అసలు పనంతా గదుల్లో ఉంది, దీపాల దగ్గర ఉంది. పట్టీ అక్కడికి వెళ్ళాక నత్తనడక నడుస్తుంది. ఇది నాకు తెలియనిది కాదు. ఆ కోట మీద ఏడాదిగా పని చేస్తున్నవాణ్ణి. తెలిసిన సంగతిని ఆ పూటకు పక్కన పెట్టేశాను, అంతే.

సాయంత్రం సార్ వచ్చారు. తెల్ల చొక్కా, పొద్దున్నుంచీ ఏమీ తినని మొహం. నా చేతులకు ఇంకా చేపల మసాలా వాసన పోలేదు.

"మొత్తం అయ్యెదాక కూసున్నవా?"

"కూసున్న సార్."

నా మొహంలోకి ఒకసారి చూశారు. జేబులోంచి పెన్ను తీసి సాక్షి గడిలో సంతకం పెట్టారు. పది తలుపు మిషన్లు కొన్నారు. యజమాని నా భుజం తట్టి "తమ్మీ, నువ్వు చెప్పిందే అయింది" అన్నాడు.

మే నెల వచ్చింది. ఆటను అప్పగించాల్సిన గడువు దగ్గర పడింది. కోట మొత్తానికి లైటింగ్ పెడితే ఒక్కో మిషన్ ఏడు గంటలు తీసుకుంది. ఎండ ముదిరాక వేడెక్కి మధ్యలోనే నిలిచిపోయేవి. మళ్ళీ మొదటి నుంచి. గడువు దాటింది, ఆట తీసుకుంటామన్నవాళ్ళు వద్దన్నారు. యజమాని రిజిస్టర్ తెప్పించాడు. నేను మంచినీళ్ళ క్యాన్ పక్కన నిలబడి ఉన్నాను.

"సార్, గీ పరీక్ష మీదే గద? గీ సంతకం మీదే గద?"

"నాదే."

"మూడు గంటలని రాసిన్రు. గిప్పుడు ఏడు గంటలైతాంది. ఏంది సార్ గిది?"

"సూడకుంట పెట్టిన పటేలా," అన్నారు సార్. "తప్పు నాదే."

పక్క గడిలో నా సంతకం కూడా ఉంది. యజమాని కళ్ళు దాని మీదికి పోలేదు. సార్ వేలు కూడా దాన్ని చూపలేదు. నేను నోరు తెరవడానికి ఎంత సమయం కావాలో అంత సమయం ఉంది. గ్లాసులో నీళ్ళు పట్టుకుని తాగాను. దాహం వేయలేదు. ఆ నీళ్ళ రుచి నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది, ఛీ అనిపిస్తుంది.

రేపటి నుంచి రావద్దన్నాడు యజమాని. సార్ స్క్రూ డ్రైవర్లు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకున్నారు. మెట్ల దగ్గర నన్ను చూసి ఆగారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను.

"తలుపు మిషన్ ఫ్యాన్ చప్పుడు జేస్తాంది. జెర నూనె ఎయ్యి," అన్నారు. దిగి వెళ్ళిపోయారు.

మరుసటి నెల ఆయన పని కూడా నాకే అప్పగించారు. వద్దనలేదు. మరో ఏడాదికి ఆ ఆఫీసూ మూతపడింది. నేను ఇంకో చోట చేరాను.

ఆయన శామీర్‌పేటలో షాపు పెట్టారని విన్నాను. ఆ దారిన బస్సులో పోతే షాపు ఉన్న వైపు కాకుండా రెండో వైపు సీట్లో కూర్చునేవాణ్ణి. ఇంట్లో మానిటర్ చెడిపోతే సికింద్రాబాద్ దాకా మోసుకుపోయాను కానీ ఆయన షాపుకు తీసుకుపోలేదు. ఒక్కసారి మాత్రం మేడ్చల్ బస్టాండులో ఎదురుపడ్డారు. తప్పించుకునే సందు లేదు.

"మంచిగున్నవా రా? పెండ్లయిందా?" అని అడిగారు. "తిన్నవా?"

ఉన్న సార్, అయింది సార్, తిన్న సార్ అన్నాను. అప్పుడే వచ్చిన కీసర బస్సెక్కేశాను. కీసరలో నాకు ఏ పనీ లేదు. అక్కడ దిగి, గంటసేపు నిలబడి, ఇంకో బస్సులో వెనక్కి వచ్చాను. ఆయన్ని చూడడం అదే ఆఖరు.

మొన్న సోమవారం షాపుకు వెళ్ళాను. షట్టర్ సగం ఎత్తి ఉంది. లోపల ఆయన కూతురు, డిగ్రీ చదివే పిల్ల, ఒక మిషన్ మూత బిగిస్తోంది. గోడ మీద సార్ ఫొటో. బాపు దగ్గర చదువుకున్నానని చెప్పాను. పేరు అడిగితే చెప్పాను. ఆ పేరు ఆ పిల్ల ఎప్పుడూ విన్నట్టు లేదు.

"కూసోండ్రి అన్నా," అంది స్టూలు జరిపి. నా ఉద్యోగం ఏమిటో అడిగింది. చెప్పగానే ఆ పిల్ల మొహం తేటపడింది. "అయితే జెర సాక్షి కూసుంటరా? గీ మిషన్ పొద్దటి సంది ఇట్లనే ఉన్నది. సాక్షి సంతకం లేకుంట బాపు ఏ మిషన్ ఇయ్యకపోయెటోడు."

సీడీ పెట్టింది. తెర మీదికి వచ్చింది మా కోటే. వాకిలి, బురుజులు, అరవై గదులు. షాపులో బిగించిన ప్రతి మిషన్ మీదా సార్ ఆ కోటకే లైటింగ్ పెట్టి చూసేవారట. ఇప్పటి మిషన్ నాలుగు కోర్లది. అయినా గంట పడుతుందంది. చేతి గడియారం తీసి మానిటర్ మీద పెట్టి పట్టీని మొదలుపెట్టింది. ఆ గడియారం సార్‌దే.

రిజిస్టర్ అందించింది. అవే రెండు గళ్ళు. లోపలి అట్ట మీద సార్ రాత: "సాక్షి కూడా మొత్తం చూడాలి."

"మునుపు గీ రూల్ లేకుండె," అంది ఆ పిల్ల నేను చూస్తున్నది గమనించి. "ఎన్కట ఒక ఆఫీసుల బాపు సూడకుంట సంతకం పెట్టిండట. నా శిష్యుడే గద అని పెట్టిన, తప్పు నాదే అనెటోడు."

"ఎవరట ఆ శిష్యుడు?" అన్నాను. అప్పుడు కూడా తెలియనట్టే అడిగాను, చూశారా.

"పేరు చెప్పలే. ఎన్నిసార్లడిగినా ఒక్కటే మాట. పిలగాడు మంచోడే, జెర తొందర ఎక్కువ అనెటోడు."

పట్టీ పది శాతం దాటింది. "జెర టైం పడ్తది. చాయ్ తాగొస్తరా అన్నా?" అని అడిగింది. వద్దన్నాను. ఇరవై దాటింది. ముప్పై దాటింది. వాకిలి ఎప్పుడో అయిపోయింది, గదుల్లోకి వచ్చాక పట్టీ మెల్లబడింది. ఫ్యాన్ గాలి వేడిగా వస్తోంది. చొక్కా వీపుకు అంటుకుంది.

"ఆ శిష్యుణ్ణి నేనే అమ్మా," అన్నాను. "మొత్తం సూడలే. సూసిన అని అబద్ధం చెప్పిన. బాపును అడుగుతుంటే పక్కనే నిలబడి నీళ్ళు తాగిన."

ఆ పిల్ల చేతిలో ఉన్న స్క్రూ డ్రైవర్ బల్ల మీద పెట్టింది. నన్ను చూడలేదు. గోడ మీది ఫొటోనూ చూడలేదు. లేచి వెళ్ళి రోడ్డు వైపు నిలబడింది. ఒక లారీ వెళ్ళింది, ఇంకొకటి వెళ్ళింది. లేచి వెళ్ళిపొమ్మంటుందని నేను స్టూలు అంచుకు జరిగాను.

"లేవకుండ్రి," అంది వెనక్కి తిరగకుండానే. "ఇంక అయిపోలే."

చాలాసేపటికి వచ్చి నా పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చుంది. రిజిస్టర్ మధ్యలో పెట్టి, దాని మీద పెన్ను పెట్టింది. తెర మీద ఎనభై ఒకటి అని ఉంది. కోటలో ఇంకా పదకొండు గదులు చీకటిగా ఉన్నాయి.