పిట్టల ఆంటీ పట్టిన మౌనవ్రతం

కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో కృష్ణవేణిని పిల్లలంతా పిట్టల ఆంటీ అంటారు. పెద్దవాళ్ళు ముఖం మీద అనరు గానీ, వాళ్ళ ఫోన్లలో కూడా ఆవిడ నంబరు ఆ పేరుతోనే ఉంటుంది. శనివారం పొద్దున ఊరు ఊరంతా ఇండియన్ గ్రోసరీ ముందు పార్కింగ్ కోసం కొట్టుకు చస్తుంటే, ఈవిడ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని హేవర్డ్ సముద్రపు ఒడ్డున దుర్భిణీ పట్టుకుని నిలబడుతుంది. ఆ తర్వాత అవే బూట్లతో షాపుకొచ్చి కరివేపాకు కొనుక్కుపోతుంది. నేలంతా బురదైనా షాపువాడు కిక్కురుమనడు. అనడానికి గుండెలుండాలి కదా!

భీమవరం పిల్ల. హెచ్-వన్ మీద వచ్చి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏళ్ళ తరబడి రిలీజ్ మేనేజర్‌గా చేసింది. ఆ ఉద్యోగం అంటే ఏమిటని మీరు అడగొచ్చు. పదిమంది చేయాల్సిన పనిని ఆ పదిమంది ప్రాణాలూ తోడి చేయించడం, అంతే. రిమైండర్ పంపడంలో ఆవిడని మించినవాళ్ళు బే ఏరియాలో లేరు. గ్రీన్ కార్డ్ చేతికొచ్చిన కొన్నాళ్ళకే కంపెనీ టీమ్ మొత్తాన్నీ ఇంటికి పంపేసింది. మిగతావాళ్ళు రెజ్యూమెలు దులుపుకుంటుంటే, ఈవిడ మాత్రం వలస నీటిపక్షుల ఒడంబడిక సచివాలయంలో కార్యదర్శి ఉద్యోగానికి అప్లై చేసింది. అప్పటికే ఏళ్ళుగా వాలంటీర్‌గా పిట్టల్ని లెక్కపెడుతోంది. వాళ్ళకి కావలసింది పిట్టలు తెలిసిన మనిషి, అంతకన్నా ముఖ్యంగా దేశాల వెంటపడి పని చేయించే మనిషి. ఇంకేం, గంతకు తగ్గ బొంత!

మొగుడు శశికాంత్ మాత్రం గగ్గోలు పెట్టాడు. "మార్ట్‌గేజ్ ఉంది, దేదీప్య కాలేజ్ ఉంది, ఇప్పుడీ పిట్టలేంటి వేణీ?"

"మీకు పిట్టలు కనబడవు, నాకు మార్ట్‌గేజ్ కనబడదు. చెరొకటీ చూసుకుందాం లెండి."

భీమవరంలో పిన్నికి ఫోన్ చేసి సచివాలయంలో ఉద్యోగం వచ్చిందంటే, "అమెరికాలో కూడా వార్డు సచివాలయాలు పెట్టారుటే? పింఛన్లు ఇంటికే తెచ్చిస్తారా?" అందావిడ. నిజానికి వార్డు సచివాలయమే నయం, దానికో బోర్డన్నా ఉంటుంది. ఈ అంతర్జాతీయ సచివాలయం ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన మూడు గదులు. కింద డ్రిల్లు గుయ్యిమంటుంటే పైన అలాస్కా నుంచి చిలీ దాకా పసిఫిక్ తీరంలోని దేశాలతో మాట్లాడాలి. ఎండాకాలం ఉత్తర కొసన గుడ్లు పెట్టి, చలికి దక్షిణానికి పోయే పిట్టలకి దారిపొడవునా దిగడానికి చోటుండాలి. ఒక్క దేశం కాదంటే ఆ దారి మధ్యలో తెగిపోతుంది. అలా తెగకుండా చూడటమే కృష్ణవేణి పని.

ఆ ఏడాది తెగబోతున్న చోటు దక్షిణాన ఒక చిన్న దేశంలో ఉంది. పెద్ద నది సముద్రంలో కలిసే చోట, ఆటు వచ్చినప్పుడు బయటపడే బురద నేల. చూడటానికి అందులో ఏముంది, బురద! కానీ గుప్పెట్లో పట్టే ఉల్లంకి పిట్టలు లక్షల్లో అక్కడ దిగి, పురుగూ పుట్రా తిని, ఒళ్ళు చేసి మళ్ళీ ఎగురుతాయి. ఆ బురద మీద గట్లు పోసి రొయ్యల చెరువులు తవ్వుతామని కొందరు బయల్దేరారు. భీమవరం చెరువుల మధ్యే పెరిగిన మనిషికి రొయ్యల చెరువంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆవిడకి ఆ రైతుల మీద కోపం లేదు, వాళ్ళ నాన్న తనని చదివించింది కూడా ఆ డబ్బుతోనే. ఒకసారి గట్టు లేచిందంటే ఆ నేల ఇక వెనక్కి రాదని మాత్రం కళ్ళారా చూసింది.

గట్లు లేవకముందే ఆ చోటుని ఒడంబడిక రక్షిత స్థలాల్లో చేర్చాలి. చేర్చడానికి వాళ్ళకో పద్ధతి ఉంది. ప్రతిపాదనని దేశాలన్నింటికీ పంపి గడువు పెడతారు. గడువులోగా ఎవరూ కాదనకపోతే అందరూ ఔనన్నట్టే. మౌనం అర్ధాంగీకారం అంటాం కదా మనం, వీళ్ళు ఆ సగాన్ని కూడా వదలకుండా మొత్తం అంగీకారం కిందే జమకట్టేశారు.

ఈ పద్ధతి ఎందుకుందో ఒఫీలియా విడమరిచి చెప్పింది. ఒఫీలియా ఆ చిన్న దేశపు మంత్రిత్వశాఖలో అధికారి, జుట్టు నెరిసిన మనిషి. ముందటి మీటింగ్‌కి వచ్చినప్పుడు హేవర్డ్ ఒడ్డున కృష్ణవేణితో కలిసి నడుస్తూ, "సంతకం పెట్టమంటే మా మంత్రి పెట్టడు. రొయ్యలవాళ్ళు ఆయన ఊరివాళ్ళే. ఊరుకోమంటే మాత్రం ఊరుకుంటాడు. కాగితం నా బల్ల మీద పడుకుంటుంది, గడువు దాటిపోతుంది. మీరు చేయాల్సిందల్లా అడగకపోవడమే" అంది.

అడగకపోవడం! చేప పిల్లని ఈదొద్దన్నట్టే. ప్రతిపాదన వెళ్ళింది. రోజులు గడిచాయి. ఇన్‌బాక్స్‌లో ఎవరి దగ్గరనుంచీ ఒక్క ముక్క లేదు. ఎవరూ పలకకుండా రిలీజ్ ముందుకి పోవడం ఆవిడ జన్మలో చూడలేదు. చేతులు ఊరుకోలేదు. ఒఫీలియా ఒక్కరికే పంపితే తప్పు గానీ అందరికీ కలిపి పంపితే ఏమవుతుందిలే అనుకుంది. అనుకుని, పాత అలవాటుగా నాలుగు లైన్లు కొట్టింది. జెంటిల్ రిమైండర్, కైండ్లీ కన్ఫర్మ్ యువర్ పొజిషన్. సెండ్!

ఏమవుతుంది? అడిగారు కాబట్టి జవాబు ఇవ్వాలి. జవాబు ఇవ్వాలంటే ఫైలు మంత్రి దగ్గరికి పోవాలి. పోయింది. "మీరు మా అభిప్రాయం అడిగినందున తెలియజేయునది, ఈ ప్రతిపాదనకు మేము సమ్మతించడం లేదు" అని మంత్రిత్వశాఖ నుంచి జవాబొచ్చింది. దాని వెనకే ఒఫీలియా ఫోన్. "అడగొద్దన్నాను కదా, కృష్ణా" అంది. తిట్టినా బాగుండేది.

కృష్ణవేణి కారు తీసి హైవే ఎక్కలేకపోయింది. కింద క్లినిక్ పార్కింగ్‌లో స్టీరింగ్ పట్టుకుని కూర్చుండిపోయింది. ఎంత సిగ్గేసిందో! రొయ్యలవాళ్ళు ఇన్నాళ్ళూ చేయలేని పని తను ఒక్క క్లిక్‌తో చేసిపెట్టింది.

ఒడంబడికని నడిపే కమిటీ అధ్యక్షుడు ఉత్తరాదిన ఒక సంపన్న దేశపు పెద్దమనిషి. సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన ఈవిడంటే ఆయనకి మొదటినుంచీ అంతంతమాత్రమే. "పోనివ్వండి, వచ్చే మహాసభలో చూద్దాం" అన్నాడు వీడియోలో, టీ తాగుతూ. దేశాలన్నీ కూడే ఆ మహాసభకి ఇంకా ఎన్నో ఏళ్ళుంది. అప్పటికి గట్లు లేచి, రొయ్యలు పెరిగి, ఎవరో ఒకరి పళ్ళెంలోకి కూడా వచ్చేస్తాయి.

ఆవిడ ఊరుకుంటేనా! ఒడంబడిక నియమాలు ముందేసుకుని కూర్చుంది. మౌన గడువు నడుస్తుండగా సచివాలయం ఏ దేశాన్నీ అభిప్రాయం అడగరాదని అందులో స్పష్టంగా ఉంది. అంటే ఆవిడ పంపిన రిమైండరే చెల్లదు. చెల్లని ప్రశ్నకి వచ్చిన జవాబు అభ్యంతరం కిందికి రాదు. కాబట్టి ఆ జవాబుని పక్కనపెట్టి గడువు మళ్ళీ మొదలుపెట్టొచ్చు. చిక్కల్లా ఒక్కటే. తప్పు నాదే అని కార్యదర్శి స్వయంగా దేశాలన్నింటికీ రాయాలి. అదీ, ఆవిడ కాంట్రాక్ట్ పొడిగించాలా వద్దా అని కమిటీ తేల్చబోతున్న నెలలో.

"సిస్టమ్ గ్లిచ్ అని రాసెయ్ వేణీ," అన్నాడు శశికాంత్ పప్పులో నెయ్యి వేసుకుంటూ. "మన ఫీల్డ్‌లో అందరూ రాసేది అదేగా. సర్వర్ దానంతటదే పంపేసింది, అంతే."

"అబద్ధం బయటపడితే ఈ రెండో గడువు కూడా చెల్లదంటారు. అప్పుడు ఆ నేలా పోతుంది, నా మాట మీద నమ్మకమూ పోతుంది."

"కాంట్రాక్ట్ పోతే?"

"పోతే పోనీండి. వేరే ఉద్యోగం వెతుక్కుంటాను. వేరే బురద ఎక్కడ వెతకను?"

శశికాంత్ నెయ్యి గిన్నె ఆవిడ వైపు జరిపాడు. ఇన్నేళ్ళలో ఆ గొంతు ఆయనకి రెండుమూడుసార్లే వినబడింది. విన్నప్పుడల్లా ఊరుకోవడమే మంచిదైంది.

ఆ ఉత్తరం పంపేముందు అధ్యక్షుడికి చెప్పింది. "ఇది పంపితే మీ కాంట్రాక్ట్ మాట వచ్చినప్పుడు నేను చూడనట్టు ఉండలేను" అన్నాడాయన. ఉండొద్దండి అనేసి, ఉత్తరం పంపేసింది. అందులో గ్లిచ్ లేదు, పొరపాటున అన్న మాట కూడా లేదు. అడగకూడదని తెలిసీ అడిగాను, అది నా తప్పు, దానికి వచ్చిన జవాబులేవీ లెక్కలోకి రావు, ఈరోజు నుంచి గడువు మళ్ళీ మొదలు అని రాసింది.

ఇక అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. మంత్రి మళ్ళీ తనంతట తాను కాదంటే చేసేదేం లేదు. ఒఫీలియా బల్ల మీద కాగితం పడుకుందో, లేచి కూర్చుందో ఎవరికి తెలుసు? ఒక్క ఫోన్ చేస్తే తెలుస్తుంది. ఆ ఒక్కటీ చేయకూడదు. కాలేజ్ నుంచి వచ్చిన కూతురు దేదీప్య, "అమ్మా, జస్ట్ ఒక టెక్స్ట్ పంపు. ఆ ఆంటీ నీ ఫ్రెండ్ కదా, షీ విల్ చెప్తుంది" అంది.

"ఫ్రెండ్ కాబట్టే పంపకూడదే తల్లీ" అని ఫోన్ తీసి బియ్యం డబ్బాలో పడేసింది.

మధ్యలో ఇంకేదో విషయం మీద వీడియో మీటింగ్ పడింది. తెర మీద ఒఫీలియా. కృష్ణవేణి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. "మీ దగ్గర వానలెలా ఉన్నాయి?" అంది. "బాగానే పడుతున్నాయి, మీ అమ్మాయి చదువు ఎలా ఉంది?" అంది ఒఫీలియా. అంతే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ మొహంలోనూ ఏమీ లేదు. కడుపులో మాట కడుపులోనే పెట్టుకుని మీటింగ్ ముగించారు.

కమిటీ నిర్ణయం కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. మామూలుగా మూడేళ్ళు పొడిగిస్తారు, ఈవిడకి ఒక్క ఏడాదే ఇచ్చారు. పైగా పనితీరు మీద సమీక్ష అట. శశికాంత్ మండిపడ్డాడు. "నిజం చెప్పినందుకు బహుమానమా ఇది? వీళ్ళ దుంపతెగ!"

"ఏడాది ఇచ్చారుగా. ఈ ఏడాది పని ఈ ఏడాది చేస్తాను" అని కూర తరగడానికి పోయింది. తరిగిన బెండకాయలు ఏ సైజుకా సైజే ఉన్నాయి. ఆవిడ బాధ ఆ కూరలో తెలిసింది గానీ నోట రాలేదు.

గడువు మా కాలిఫోర్నియా టైములో మధ్యాహ్నం పన్నెండుకి ముగుస్తుంది. ఆ రోజు శశికాంత్ వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకున్నాడు. పని ఏమీ చేయలేదనుకోండి, మాటిమాటికీ మెట్లు దిగి వచ్చి వెనక నిలబడటమే పని. కృష్ణవేణి డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ ముందు కదలకుండా కూర్చుంది. పదకొండున్నరకి ఒక మెయిల్ టింగుమంది. గబుక్కున తెరిచింది. తీరాచూస్తే ఆఫీసు కింద క్లినిక్ వాళ్ళు, పళ్ళు క్లీన్ చేయించుకుని చాలా కాలమైంది, అపాయింట్‌మెంట్ బుక్ చేసుకోండని రిమైండర్. ఆ క్లినిక్ మీద జన్మలో రానంత కోపం వచ్చిందావిడకి.

పన్నెండైంది. రిఫ్రెష్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. స్పామ్‌లో చూసింది. ఆగి, ఇంకొకసారి చూసింది. అప్పుడు పమిట కొంగు లేదు కాబట్టి టీషర్ట్ అంచు పైకి లాక్కుని, మొహం దాచుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఉద్యోగం పోయిన రోజు ఏడవని మనిషి, కాంట్రాక్ట్ కోసిన రోజు ఏడవని మనిషి, వెక్కి వెక్కి ఏడుస్తోంది.

శశికాంత్ హడలిపోయి పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది వేణీ? ఏమొచ్చింది?"

"ఏమీ రాలేదండీ."

"ఏమీ రాకపోతే ఏడుపెందుకు?"

ఆవిడ లాప్‌టాప్‌ని ఆయన వైపు తిప్పింది.

"చూడండి, ఏమీ రాలేదు. ఒక్కళ్ళు, ఒక్కళ్ళు కూడా కాదనలేదు. పిట్టలు వచ్చి దిగొచ్చు."